బొటనవేలికి చుట్టిన గుడ్డ

మా తమ్ముడు నరసింహాచారి నా గడప తొక్కి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పుడు వచ్చింది కూడా నాయన పోయాడని చెప్పడానికే. అందుకే మొన్న పొద్దున, నంద్యాలలో మా ఇంటి ముందు ఆటో దిగి, చేతిలో అరటిపళ్ళ కవరుతో, చెప్పులు గేటు బయట విడవాలా లోపల విడవాలా అని తటపటాయిస్తున్న మనిషిని చూడగానే, ఈసారి ఎవరు పోయారో అనుకున్నాను. తమ్ముడు అంటున్నాను గానీ మా ఇద్దరికీ తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మనూ నన్నూ అవుకులో అమ్మ పుట్టింటికి పంపించేసి, ఏడాది తిరక్కుండా మా నాయన వాళ్ళమ్మను చేసుకున్నాడు. ఈ ముక్క ముందే చెబుతున్నాను. ఇది గుర్తు లేకపోతే తర్వాతి సంగతులేవీ అర్థం కావు.

"ఎవరు పోయినార్రా?" అన్నాను, కూర్చోమని కూడా అనకుండా.

"ఎవురూ పోలేదులేక్కా. పుట్టినాడు. మా పెద్దోనికి కొడుకు పుట్టినాడు," అన్నాడు.

తాత అయినవాడి మొహంలో ఉండాల్సిన కళ అతని మొహంలో లేదు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు అందుకోలేదు. గ్లాసు పట్టుకున్న నా చెయ్యినే చూస్తూ నిలబడ్డాడు. చూడనీ అని నేనూ చెయ్యి చాపే ఉంచాను. నా కుడిచేతికి ఆరు వేళ్ళు. బొటనవేలి పక్కనే, దాని మొదట్లోంచే ఇంకో బొటనవేలు. గోరూ ఎముకా అన్నీ ఉన్న పూర్తి వేలు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ చేత్తోనే సుద్దముక్క పట్టుకుని ఈ ఊరి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. పిల్లలు నాకు వెనక ఏం పేరు పెట్టుకున్నారో నాకు తెలుసు. పరీక్ష పేపర్లు దిద్దింది కూడా ఈ చేత్తోనే కాబట్టి వాళ్ళూ జాగ్రత్తగానే ఉండేవాళ్ళు.

"నీ మాదిరేనక్కా," అన్నాడు చివరికి. "కుడిచెయ్యే. బొటనేలు పక్కన ఇంగోటి."

ఆ క్షణాన నాకు కలిగింది జాలి కాదు. పసివాడి మీద దిగులు కూడా కాదు. సంతోషం. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఇంత వయసొచ్చాక కూడా ఒంట్లో ఇంత కసి మిగిలి ఉందా అని మాత్రం ఆశ్చర్యం వేసింది. కానీ అతను వచ్చిన పని వేరే. కోడలు లావణ్యది చాగలమర్రి. ఆమె తల్లిదండ్రులు ఆదివారం ఆళ్ళగడ్డలో వీళ్ళింటికి వస్తున్నారు. వాళ్ళ ముందు నేనొక మాట చెప్పాలట.

"నువ్వు బతుకంతా ఈ సదువే చెప్తివి గదక్కా. మేం చెప్తే కొట్లాటైతాది. నువ్వు చెప్తే ఇంటారు. మా వంశంలో యాడా లేదు, ఇది ఆయమ్మ తట్టు నుంచే వచ్చిందని ఒగ్గ మాట చెప్పు. ఆయమ్మను కొన్నాళ్ళు ఆడనే పెట్టుకోమంటాం. దేవుండ్లను చేసే ఇల్లు. పదూర్లోళ్ళు వచ్చిపోయే ఇల్లు."

"మీ వంశంలో లేదా? మరి నేను యాడ పుట్టినానురా?"

"నీది... మీ అమ్మ తట్టుది గదా," అన్నాడు. ఎగతాళికి కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. చిన్నప్పటినుంచీ అదే విని పెరిగాడు.

ఈ చేత్తోనే వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో నాకు తెలుసు. మా అమ్మకు చెప్పిన కొన్నాళ్ళు ఆమె పోయేదాకా నడిచాయి. "వస్తాలే," అన్నాను. ఒప్పుకున్నాననుకుని అప్పుడు నీళ్ళు తాగాడు.

జేజినాయన అంటే మా వైపు తండ్రికి తండ్రి. మా జేజినాయన పేరు చెబితే ఆళ్ళగడ్డ చుట్టుపక్కల చేతులు జోడించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను జోడించను. ఇల్లూ శిల్పశాలా ఒకటే ఆవరణ. పొద్దు పొడవకముందే కొలిమి రాజేసేవాళ్ళు. ముందురోజు మొద్దుబారిన ఉలులను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచితే సుయ్యిమనే చప్పుడూ, కాలిన ఇనుము వాసనా నన్ను నిద్ర లేపేవి. రాతిపొడి పడని చోటు ఆ ఇంట్లో లేదు. జొన్నరొట్టె మీద, ఊరిబిండి పచ్చడి మీద, నీళ్ళకుండ మూత మీద, మా అమ్మ కనుబొమ్మల మీద అది తెల్లగా కూర్చునేది. పంటి కింద కరకరలాడని ముద్ద తిన్నట్టు నాకు గుర్తు లేదు. అమ్మ రోజుకు నాలుగుసార్లు ఊడ్చేది. జేజినాయన ఊడ్చిన చోటు చూసేవాడు కాదు. మిగిలిన మూల చూసి "ఇంగా ఆడ ఉండాది" అనేవాడు. ఆయన నోట మా అమ్మతో వచ్చిన మాటల్లో సగం ఇదే.

తెల్లారి స్నానం చేసి, తడి పంచెతోనే అరుగు మీద కూర్చుని కొలతలు చదివేవాడు. మొహం ఇంత, మెడ ఇంత, వేళ్ళకు మూడేసి కణుపులు, బొటనవేలికి రెండు. పని నేర్చుకునేవాళ్ళంతా వెంట చెప్పాలి. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు ఈ కొలతలు నోటికి వచ్చేవి. రాయి దిగిందంటే చాలు, చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. గంటలా మోగితే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల దోషం ఉన్నట్టు. దోషం ఉన్న రాయిని ఆయన అతకడు, సవరించడు. ముక్కు విరిగినవి, వేలు ఊడినవి, చెక్కుతుండగా లోపలి జీర బయటపడినవి, అన్నింటినీ పెరటి గోడ పక్కన బోర్లా వేయించేవాడు. నేను ఆడుకున్నది వాటి వీపుల మీదే. నా వేలిని ఆస్పత్రిలో తీయించవచ్చని ఎవరో అంటే, "దోషాన్ని అతికేది లేదు, తీసేది లేదు" అన్నాడట. మనవరాలికీ రాయికీ ఆయన దగ్గర ఒకటే రూలు.

శిల్పశాలలో ఒక నల్లరాతి చెయ్యి ఉండేది. మణికట్టు వరకే. అభయమిస్తున్నట్టు నిలబడి ఉండేది. పడుచుతనంలో తన చెయ్యినే చూసుకుంటూ జేజినాయన చెక్కుకున్న నమూనా అది. కొత్తగా చేరినవాడెవడైనా ముందు దాన్ని చూసి అలాంటి చెయ్యి చెక్కాలి. అది కుదిరేదాకా విగ్రహాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. దాన్ని అందరూ "ఇంటి చెయ్యి" అనేవాళ్ళు. మా ఇంట్లో పుట్టిన దేవుడిని ఏ ఊళ్ళో చూసినా వేళ్ళ పొడుగును బట్టి పోల్చేయవచ్చని పేరు. ఆయన అసలు చెయ్యి మాత్రం నేను ఎప్పుడూ పూర్తిగా చూడలేదు. కుడి బొటనవేలికి ఎప్పుడూ గుడ్డపీలిక చుట్టి ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా విప్పేవాడు కాదు. చెయ్యి కడుక్కున్నాక గోడ వైపు తిరిగి తడిపీలిక తీసి పొడిది చుట్టుకునేవాడు. ఉలి ఒరుసుకోకుండా అనుకునేవాళ్ళం. రోజూ పొద్దున పాత పంచె నుంచి కొత్త పీలిక చించి, మడతపెట్టి, ఆయన చెంబు పక్కన పెట్టడం మా అమ్మ పని.

అమ్మ కుట్టిన నా గౌన్లన్నిటికీ కుడివైపున లోతైన జేబు ఉండేది. ఎడమవైపు ఉండేది కాదు. ఎవరైనా గేటు తీసిన చప్పుడైతే "జేబులో పెట్టుకోమ్మా" అనేది, అంతే. నేనూ పెట్టుకునేదాన్ని. ఒకరోజు పెట్టుకోలేకపోయాను. విగ్రహమంతా చెక్కాక చివరికి కళ్ళు తెరిపించే రోజు ఇంట్లో పెద్ద సందడి. విగ్రహం చేయించుకున్న ఊరివాళ్ళంతా బండ్లు కట్టుకుని వచ్చారు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. వాళ్ళ పెద్దమనిషి మంచినీళ్ళు అడిగాడు. నిండు చెంబు తొణక్కూడదని నేను రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాను. ఆయన చెంబు అందుకున్నాడు, నా చెయ్యి చూశాడు, నీళ్ళు తాగకుండా చెంబు కింద పెట్టాడు. "ఏందప్పా ఆచారీ, దేవుండ్ల వేళ్ళు లెక్కజూసి చెక్కేటోని ఇంట్లోనే లెక్క తప్పిందే?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన హాస్యానికే అన్నాడేమో. జేజినాయన నవ్వలేదు. "అది మా వంశానిది కాదప్పా. దానమ్మ అవుకు నుంచి తెచ్చింది," అన్నాడు.

గరిటె పట్టుకుని వాకిట్లో నిలబడ్డ మా అమ్మ ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎదురు చెప్పింది. "మా ఇండ్లల్లో ఎవురికీ లేదు మామా," అంది.

"మీ ఇండ్లల్లో లేదు, మా ఇంట్లో లేదు. అట్లయితే యాడ నుంచి వచ్చె?"

ఆ ప్రశ్నలో ఇంకో ప్రశ్న ఉందని నాకు పెద్దయ్యాక అర్థమైంది. మా అమ్మకు అక్కడికక్కడే అర్థమైంది. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ వాదించలేదు. అవుకు వంశానిదని ఒప్పుకుంటే నింద వంశం మీద పడుతుంది, కాదంటే తన నడత మీద పడుతుంది. ఆమె వంశాన్ని ఇచ్చేసింది. వారం తిరక్కుండా నాయన మమ్మల్ని బస్సెక్కించాడు. మూట కిటికీలోంచి అందించాడు. నా చెయ్యి పట్టుకోలేదు. మా నాయన చేతులు ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ గుర్తు రాదు.

అవుకులో మేనమామ ఇంట్లో పెరిగాను. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, కానీ వాళ్ళ ఆడపిల్లలకు సంబంధాలు వచ్చినప్పుడల్లా నన్ను వెనకింట్లోకి పొమ్మనేవాళ్ళు. అమ్మకు అక్కడ ఒక అలవాటు పట్టుకుంది. ఊళ్ళో, చుట్టుపక్కల పల్లెల్లో తమవాళ్ళలో ఎవరు ప్రసవించినా వెళ్ళేది. బాలింతకు పెట్టే కాయం మందు పట్టుకుపోయినట్టే పోయేది. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, పొత్తిగుడ్డ సర్దుతున్నట్టు చేసి, చేతులు బయటికి తీసి వేళ్ళు లెక్కపెట్టేది. ఐదు ఉంటే ఊపిరి వదిలేది. ఇంటికొచ్చి "సక్కగా ఉండాడు" అనేది, నాకు మాత్రమే వినపడేలా. అన్నేళ్ళలో ఒక్క ఆరో వేలు కూడా దొరకలేదు. దొరకనందుకు ఆమెకు ధైర్యం రాలేదు. ఇప్పటికి రాలేదు, ఇంకెప్పుడో వస్తుంది అని భయపడేది. నేను చదువుకుని, సెలవులకు వచ్చినప్పుడు చెప్పాను. ఇది తల్లి వైపు నుంచైనా రావచ్చు, తండ్రి వైపు నుంచైనా రావచ్చు, ఒక్కరి నుంచి వచ్చినా చాలు, వాళ్ళకు బయటికి కనపడాలని కూడా లేదు అని. చాలా గొప్ప వార్త తెచ్చాననుకున్నాను. అమ్మ బియ్యం ఏరుతూ విన్నది. "అట్లయితే నాది కూడా అయ్యుండచ్చు గదా," అంది. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అరకొర చదువుతో ఎదుటివాళ్ళకు ధైర్యం చెప్పకూడదని ఆరోజు నేర్చుకున్నాను. అమ్మ ఆ అనుమానంతోనే పోయింది.

మిగతా చదువు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు వచ్చింది. పిల్లలకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మొత్తం పుస్తకం ఉంటుంది. కంట్లో కణానికీ కాలివేలి కణానికీ ఒకటే పుస్తకం. ఏ కణం ఏ పేజీ తెరుస్తుంది, ఎప్పుడు తెరుస్తుంది, ఎంతసేపు చదువుతుంది అన్నదాంట్లోనే తేడా అంతా. జన్యువు అంటే చాలామటుకు ఫలానా ప్రోటీన్ ఎలా తయారుచేయాలో చెప్పే రాత. రాత ఉంటే సరిపోదు, ఇక్కడ చదువు, ఇక్కడ చదవకు అని చెప్పే స్విచ్చి కూడా ఉండాలి. ఆ స్విచ్చి అదే డీఎన్ఏ దారం మీద ఉంటుంది గానీ జన్యువు పక్కనే ఉండాలని లేదు. మా వీధి లైటు స్విచ్చి నాలుగిళ్ళ అవతల వేరేవాళ్ళ గోడకు ఉంది. అలాగే చేతివేళ్ళను నడిపించే ఒక జన్యువుకు స్విచ్చి దాదాపు పది లక్షల అక్షరాల దూరంలో, వేరే జన్యువు మధ్యలో దాక్కుని ఉంది.

కడుపులో బిడ్డకు నెల దాటేసరికి చెయ్యి చిన్న తెడ్డులా ఉంటుంది. ఆ తెడ్డుకు చిటికెనవేలు రావాల్సిన అంచున మాత్రమే ఆ జన్యువు పనిచేయాలి. అక్కడ తయారైన ప్రోటీన్ అటు నుంచి ఇటు పాకుతుంది. ఎక్కడ ఎంత అందింది, ఎంతసేపు అందింది అన్నదాన్ని బట్టి అది ఏ వేలు కావాలో తేలుతుంది. అది అందని అంచున బొటనవేలు వస్తుంది. ఇప్పుడు దూరంగా ఉన్న ఆ స్విచ్చిలో ఒకే ఒక్క అక్షరం మారిందనుకోండి. జన్యువు చెక్కుచెదరలేదు, ప్రోటీన్ సరిగ్గానే ఉంది. కానీ చడీచప్పుడూ ఉండకూడని బొటనవేలి అంచున కూడా జన్యువు కాస్త పనిచేస్తుంది. అప్పుడు బొటనవేలికి తానేమిటో తెలియకుండా పోతుంది. కొందరికి రెండు బొటనవేళ్ళు వస్తాయి. కొందరికి ఒక్కటే వస్తుంది గానీ మిగతా వేళ్ళలా పొడుగ్గా, రెండు కణుపుల బదులు మూడు కణుపులతో వస్తుంది. కొందరికి ఏమీ కాదు. అక్షరం ఒంట్లో ఉంటుంది, చెయ్యి మామూలుగానే ఉంటుంది, దాన్ని పిల్లలకు ఇచ్చి వెళ్ళిపోతారు. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో. బోర్డు మీద మూడు కణుపుల బొటనవేలు బొమ్మ గీశాను కూడా. అయినా అది ఎక్కడో చూసినట్టుందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

కాబట్టి మొన్న నరసింహుడు చెప్పగానే నాకు వెలిగింది ఇది. వాడి మనవడికీ నాకూ మధ్య మా అమ్మ లేదు. అవుకు రక్తం ఒక్క చుక్క లేదు. ఉన్నది నాయన ఒక్కడే, నాయన వెనక జేజినాయన. ఇద్దరికీ ఒకేలాంటి వేలు ఊరికే రావడం మహా అరుదు. ఈ మాట చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించాలనే ఆదివారం ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

కొలిమి లేదు. సుత్తుల చప్పుడు లేదు. పాత అరుగు ఉన్నచోట రేకుల షెడ్డు, అందులో మిషను. నీళ్ళు చిమ్ముతూ రాయిని కోస్తోంది. పొడి మాత్రం అలాగే ఉంది. లావణ్య వాళ్ళు ఇంకా రాలేదని నరసింహుడు నన్ను షెడ్డులోకి తీసుకుపోయి చూపించాడు. "జేజినాయన ఇంటి చెయ్యిని కంప్యూటర్లోకి ఎక్కిచ్చినాంక్కా. ఇంగ ఎన్ని చేతులైనా అచ్చం అదే కోస్తాది. యెంట్రుకవాసి తేడా రాదు," అన్నాడు. బల్ల మీద అప్పుడే దిగిన చేతులు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఒకదాని మీద సుద్దతో గీత గీసి చూపించాడు. గీస్తున్న వాడి బొటనవేలు చూశాను. పొడుగ్గా, చూపుడువేలికి చెల్లెలిలా ఉంది. "ఈ ఏలు సూడు. ఉలి పట్టేదానికే పుట్టినాడని పెద్దత్త అంటాది. జేజినాయన చెయ్యి నాకే వచ్చిందంట," అన్నాడు.

ఒకటి, రెండు, మూడు. వాడి బొటనవేలికి మూడు కణుపులు. నా చూపు బల్ల మీదికి పోయింది. తడి ఆరని రాతిచేతులకు, ఒక్కొక్కదానికీ, బొటనవేలికి మూడు కణుపులు.

ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమి మళ్ళీ లెక్కపెట్టాను. జేజినాయన, ఆ కొలతల శాస్త్రం రోజూ చదివినవాడు, బొటనవేలికి రెండు అని వంద గొంతులతో వల్లె వేయించినవాడు, తన చెయ్యి చూసుకుంటూ మూడు చెక్కాడు. పనివాళ్ళంతా మూడే చెక్కారు, మా నాయనతో సహా. ఎవరూ లెక్కపెట్టలేదు. మనం వేళ్ళ మీద లెక్కపెట్టేటప్పుడు నాలుగు వేళ్ళ కణుపులూ లెక్కపెడతాం, లెక్కపెట్టేది మాత్రం బొటనవేలు. దాన్ని లెక్కపెట్టేవాళ్ళు లేరు. ఎన్ని ఊళ్ళ గుళ్ళలో ఎందరు దేవుళ్ళు మా ఇంటి దోషంతో అభయమిస్తున్నారో. జనం వాటికి కొబ్బరికాయలు కొడుతున్నారు, నా చేతి చెంబులో నీళ్ళు మాత్రం తాగలేదు. ఒకటే అక్షరం. జేజినాయన చేతిలో, తమ్ముడి చేతిలో అది విద్య అయింది, నా చేతిలో పాపమైంది.

నాకు ఇంకా ఒక ఆశ ఉండేది, తన వేలి సంగతి జేజినాయనకు తెలియదేమో అని. వరండాలో మంచం మీద మా పెద్దత్త ఉంది. నాయనకు అక్క, తొంభై దాటింది, చూపు లేదు గానీ మాట గట్టిగానే ఉంది. గొంతు విని నన్ను పోల్చుకుంది. పక్కన కూర్చుని అడిగాను.

"అత్తా, జేజినాయన బొటనేలికి గుడ్డ చుట్టుకుంటాండె గదా. ఎప్పటినుంచి?"

"ఉలి తగలకుండా చుట్టుకునేది మే."

"అది తెలుసు. పడుచులో కూడా చుట్టుకుంటాండెనా?"

"పడుచులో యాడిది? నా పెండ్లిలో నా చెయ్యి పట్టుకోని అప్పగించింది ఆ చేత్తోనే గదా. గుడ్డా లేదు, ఏమీ లేదు. పొడుగు ఏలు, నా మణికట్టు సుట్టూ తిరిగొచ్చింది." పళ్ళు లేని నోటితో నవ్వింది. "నువ్వు పుట్టినప్పుడు మీయమ్మ పురిటి మంచం కాడికి వచ్చి, నీ చెయ్యి సానాసేపు పట్టుకోని సూసినాడు. తన చెయ్యీ సూసుకున్నాడు. పురుడు తీరినాక గుడ్డ మొదలుపెట్టినాడు. అంత పనిమంతుడు, ముసలితనంలో ఉలికి భయపడ్తాండాడేంది అని మేం నగుకుంటాంటిమి."

అత్తకు తానేం చెప్పిందో తెలియదు. నాకు తెలిసింది. ఆయన చూశాడు. నా చెయ్యీ చూశాడు, తన చెయ్యీ చూసుకున్నాడు. స్విచ్చులూ అక్షరాలూ ఆయనకు తెలియకపోవచ్చు. తట్టి చూసి రాతి లోపలి జీర కనిపెట్టే మనిషికి ఈ పోలిక కనపడకుండా పోదు. ఇంటి చెయ్యిని మాత్రం మార్చలేదు, మారిస్తే ఎందుకని అడుగుతారు. తెలిసి తెలిసి ఆరేళ్ళు ఆ గుడ్డ మా అమ్మ చేత చింపించుకున్నాడు. తెలిసి తెలిసి పదిమందిలో "దానమ్మ తెచ్చింది" అన్నాడు. ఆయన్ని నేను చిన్నప్పటినుంచీ ద్వేషించాను. ఆయన మూర్ఖుడనుకుని ద్వేషించాను. అంత తక్కువగా ద్వేషించి పొరపాటు చేశాను.

లావణ్య తల్లిదండ్రులు వచ్చారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల మీద, తప్పు చేసినవాళ్ళలా అంచున కూర్చున్నారు. లావణ్య బిడ్డను ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె సంచి అప్పటికే సర్ది గోడకు ఆనించి ఉంది. అంత ఎండలో పసివాడి కుడిచేతికి ఊలు సాక్సు తొడిగారు. నాకు జేబు, ఆయనకు గుడ్డ, వీడికి సాక్సు. నరసింహుడు గొంతు సవరించుకుని, "మా అక్క. కాలేజీలో ఈ సదువే చెప్పింది. ఆయమ్మ చెప్తాది," అన్నాడు.

నేను లేచి సాక్సు లాగేశాను. ఎర్రగా, మెత్తగా, పక్కపక్కనే రెండు చిన్న బొటనవేళ్ళు. గాలి తగలగానే పసివాడు వేళ్ళు విప్పాడు.

"నరసిమ్మా, నీ బొటనేలి కణుపులు లెక్కబెట్టు," అన్నాను.

"ఎందుకక్కా?"

"లెక్కబెట్టురా."

నవ్వుతూనే ఎడమచేత్తో లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు దగ్గర ఆగాడు. "అందరికీ అంతే గదా," అన్నాడు. లావణ్య తండ్రి తన బొటనవేలు చూసుకున్నాడు. తల్లి చూసుకుంది. బిడ్డ తండ్రి, నరసింహుడి పెద్ద కొడుకు, తనదీ చూసుకున్నాడు. వరండాలో అందరూ ఎవరి బొటనవేలు వాళ్ళు పట్టుకుని రెండూ, రెండూ అని గొణుక్కున్నారు. నేను పూజగదిలోంచి కుంకుమ బొట్లు పెట్టిన ఇంటి చెయ్యిని తెచ్చి నరసింహుడి ఒళ్ళో పెట్టాను. "ఇప్పుడు దీనివి లెక్కబెట్టు."

లెక్కపెట్టాడు. నవ్వు పోయింది.

"నీకూ నాకూ అమ్మలు వేరు. నాయన ఒక్కడే. నాకొచ్చింది, నీకొచ్చింది, నీ కొడుకు పైకి కనపడకుండా మోసినాడు, వాని కొడుక్కి వచ్చింది. జేజినాయనకుండె. రాతిలో కూడా ఉంది. ఆ పిల్ల చాగలమర్రి నుంచి ఏమీ తేలేదు. మా అమ్మ అవుకు నుంచి ఏమీ తేలేదు. ఏడాది నిండినాక డాక్టరు సరిచేస్తాడు, అది పెద్ద పనేం కాదు. వేలు తప్పు చేయలేదురా నరసిమ్మా. ఇప్పుడు వాళ్ళ మొహం చూసి నువ్వు చెప్పు. ఇది ఎవరి తట్టుది?"

షెడ్డులో మిషను ఆపేశారు. నరసింహుడు ఒళ్ళోని రాతి చెయ్యిని చూశాడు. తన చేతిని పంచె మడతలోకి పోనిచ్చాడు. చూస్తున్నానని మళ్ళీ బయటికి తీశాడు. నేను కదల్లేదు.

"మాదే," అన్నాడు.

లావణ్య తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లావణ్య ఏడవలేదు. గోడకు ఆనించిన సంచి తీసుకుని లోపలికి పోయింది. నేను మంచినీళ్ళు కూడా తాగకుండా బస్టాండుకు నడిచాను. రెండక్షరాల మాట. అది అనడానికి మా జేజినాయనకు నోరు రాలేదు. మా అమ్మ బతికినన్నాళ్ళూ అవుకు చుట్టుపక్కల తనవాళ్ళకు పుట్టిన ప్రతి బిడ్డ వేళ్ళూ లెక్కపెట్టుకుంటూ తిరిగింది. ఆమె లెక్కపెట్టాల్సిన వేలు ఆళ్ళగడ్డలో, ఆమె చించి ఇచ్చిన గుడ్డ కింద ఉంది.